బొంతల కొట్టుకు పెట్టిన పేరు

నాన్న పోయాక అమ్మ గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. ఏడ్చేది కాదు. ఏడిస్తే పక్కన కూర్చుని ఊరుకోబెట్టవచ్చు, ఆ మాత్రం మనకూ చేతనవును. లేచి వండి, మా ముందు కంచాలు పెట్టి, మళ్ళీ వెళ్ళి గోడవైపు తిరిగేది. నేను దుర్గ్‌లో కోర్టు ఎదురుగా ఒక వకీలు గారి దగ్గర టైపింగు చేస్తాను. తమ్ముడికి రాయ్‌పూర్‌లో ఉద్యోగం, శనివారం వచ్చి సోమవారం పోతాడు. పగలంతా భిలాయి క్యాంప్ వన్‌లో ఆ రెండు గదుల ఇంట్లో అమ్మ ఒక్కత్తే. సాయంత్రం ఇంటికొచ్చి తలుపు తోసే ముందు గుమ్మంలో కాసేపు ఆగేదాన్ని. లోపల ఏం చూడాల్సొస్తుందోనని భయం. ఇలాగే ఇంకొన్నాళ్ళు పడుకుంటే అమ్మ కూడా దక్కదని నాకు గట్టిగా అనిపించేది.

అమ్మను మంచం మీద నుంచి లేపింది ఒక బొంత. మా అమ్మ బొంతలు బాగా కుడుతుంది. విజయనగరం దగ్గర పల్లెలో వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. పైనా కిందా మెత్తబడిన నూలు చీరలు, మధ్యలో దిట్టమైన పాత గుడ్డ, అన్నీ కలిపి దగ్గర దగ్గరగా దారంతో కుట్లు. మా ఇంట్లో ఆ మధ్య గుడ్డ ఎప్పుడూ నాన్న చొక్కాలే. నాన్న ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కింద వెల్డింగు పని చేసేవాడు. రవ్వలు పడి చిల్లులు పడ్డ ఖాకీ చొక్కాలను అమ్మ కుట్లు విప్పి, ఉతికి, పెట్టెలో దాచేది. మేం చలికాలమంతా ఆ ఖాకీ మీదే పడుకుని పెరిగాం.

ఆ ఏడు చలికి మా బొంతను ఎండలో వేసి, రంగులు బాగున్నాయని ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టాను. మా వకీలు గారి భార్య చూసి, తనకూ ఒకటి కావాలంది. వాళ్ళ అత్తగారి పాత చీరలున్నాయట, ఇస్తుందట. ఇంటికొచ్చి గోడవైపున్న వీపుకు ఆ సంగతి చెప్పాను. కాసేపటికి ఆ వీపు అడిగింది.

"అంచులు ఏ రంగు అంట?"

నెలల తరవాత అమ్మ నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. నాకు ఆడబోయిన తీర్థం ఎదురైనట్టయింది. ఒక్క బొంతకే లేచి కూర్చుంటే, పది బొంతలకు లేచి తిరుగుతుంది కదా. ఆ క్షణంలోనే మనసులో కొట్టు పెట్టేశాను. కొట్టంటే గోడలూ తలుపులూ కాదు, ఫోన్‌లో ఒక పేజీ. జనం తమ ఇంటి పాత చీరలు పంపిస్తారు, అమ్మ బొంత కుట్టి తిరిగి పంపిస్తుంది. ఆర్డర్లకు అమ్మ ఫోన్ నంబరే పెడదామనుకున్నాను. పగలంతా ఎవరో ఒకరు మాట్లాడిస్తూ ఉంటారని నా దురాశ.

అన్నీ కుదిరాయి గానీ పేరు దగ్గర బండి ఆగిపోయింది. మా తమ్ముడు భిలాయిలోనే పుట్టి పెరిగాడు, తెలుగు కన్నా హిందీ బాగా వస్తుంది, ఆ రెంటి కన్నా ఇంగ్లీషు బాగా వస్తుందని వాడి నమ్మకం. హోమ్, దేసీ, క్రాఫ్ట్, హెరిటేజ్ అనే నాలుగు మాటల్ని ఎటు తిప్పి ఎటు కలిపితే ఎన్ని పేర్లవుతాయో అన్నీ చెప్పాడు. వెతికి చూస్తే అన్నీ ఎవరో ఒకరు పెట్టేసుకున్నారు. మిగిలిన ఒకటీ అరా, సబ్బు పేరులా ఉన్నాయి.

"అరే దీదీ, ఏదో ఒకటి పెట్టెయ్. పేరు చూసి కొంటారా ఎవరైనా?"

"నీకు పిల్ల పుడితే అలాగే ఏదో ఒకటి పెడదాంలే," అన్నాను.

బస్సులో వస్తూ పోతూ పేర్ల మీద సలహాలిచ్చే వీడియోలు చూశాను. అందరూ ఒకటే పాట. పేరు చిన్నదిగా ఉండాలి. ఒకసారి వింటే గుర్తుండాలి. ఏ భాషవాళ్ళకైనా నోరు తిరగాలి. దాని వెనక మీదంటూ ఒక కథ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఫోన్ ఎత్తగానే కొట్టువాళ్ళు ఆ పేరును నోరారా, గర్వంగా పలకాలి.

ఒకరోజు వకీలు గారి భార్య బొంతకు మధ్య గుడ్డ చాలక, అమ్మ పెట్టెలోంచి నాన్న చొక్కా ఒకటి తీసి, ఒళ్ళో పరిచి, భుజం దగ్గర కుట్టు విప్పుతోంది. బ్లేడుతో గుడ్డ తెగకుండా ఒక్కొక్క పోగే లాగుతోంది. అది చూస్తుంటే పేరు నాకు దానంతటదే తట్టింది. నాన్న పేరు. మూడక్షరాలు. హిందీవాళ్ళూ పలుకుతారు, ఒడియావాళ్ళూ పలుకుతారు. ప్లాంటులో నాన్న స్నేహితులు డ్యూటీకి పోతూ మా వీధి మొదట్లో సైకిళ్ళు ఆపి ఆ పేరుతోనే కేకేసేవాళ్ళు, అది మూడు వీధుల అవతలికి వినపడేది. ఇక్కడ మాత్రం ఆ పేరు రాయను, చెయ్యి రావడం లేదు. ఫలానా అనుకోండి. బొంతను ఇక్కడివాళ్ళు కథరీ అంటారు కనక, మా కొట్టు పేరు 'ఫలానా కథరీ'.

వెతికితే ఆ పేరుతో ఎవరూ లేరు. తమ్ముడు కూడా ఒక్క మాట అడ్డం చెప్పలేదు, కళ్ళు తుడుచుకుని బయటికెళ్ళిపోయాడు. స్టిక్కర్లు వేయించి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మకు చదువు అంతంతమాత్రం. కూడబలుక్కుంటూ చదివి, వేలితో ఆ అక్షరాల మీద రాసింది.

"బాగున్నాదే," అంది. అంతకన్నా ఏమీ అనలేదు.

ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే అనుకున్నాను. అంటే ఆయుష్షు తగ్గుతుందని మా ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరన్న సంగతి నాకు తెలియక కాదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. రేషన్ దుకాణంలో పేరడిగితే అమ్మ నావైపు చూసేది, నేను చెప్పేదాన్ని. నాన్నను పిలవాల్సి వస్తే "ఇదిగో" అనేది, ఎవరికైనా చెప్పాల్సి వస్తే "ఈల్ల నాన్న" అనేది. అది అలవాటులో పడి ఎంతగా కనపడకుండా పోయిందంటే, ఆ పేరు తీసుకెళ్ళి కొట్టుకు పెట్టి, ఆ కొట్టు ఫోన్ అమ్మ చేతికే ఇచ్చాను. పల్లెలో మా అమ్మమ్మ ఉండి ఉంటే చీపురు తిరగేసేది.

మొదట్లో అది నవ్వులాటగానే ఉంది. ఫోన్ మోగేది. అమ్మ స్పీకర్ పెట్టకుండా ఎప్పుడూ ఎత్తదు. చేతిలో సూది ఉంటుంది గదా అనుకునేదాన్ని. అవతల ఎవరో "ఫలానా కథరీ సే బోల్ రహే హైఁ?" అని అడిగేవాళ్ళు.

"హాఁ, ఓహీ. బోలియే," అనేది అమ్మ, అవును అదే, చెప్పండి అని, పేరు మాత్రం ఎత్తకుండా.

కొరియర్ అతను వచ్చి, పంపేవాళ్ళ పేరేమిటి మాతాజీ అంటే, "ఓ హీ లిఖో బేటా, జో ఉస్ దిన్ లిఖా థా," అనేది, ఆ రోజు రాసిందే రాయమని. ఆ రోజు వచ్చింది అతను కాకపోతే పార్సిల్ సాయంత్రం దాకా అరుగు మీదే ఉండేది. నేను విసుక్కునేదాన్ని, స్టిక్కర్ చూపించొచ్చు కదా అని. తరవాత నుంచి స్టిక్కర్ చూపించేది. ఫోన్‌లో స్టిక్కర్ ఎలా చూపిస్తుంది?

అయినా పని నడిచింది. అమ్మ మంచాన్ని గోడ నుంచి లాగి కిటికీ దగ్గర వేసుకుంది. దుర్గ్ నుంచి ఒక రిటైరైన టీచరమ్మ చనిపోయిన వాళ్ళమ్మ చీరలు తెచ్చి ఇచ్చింది. అమ్మా ఆవిడా మాట్లాడుకుంటూ కూర్చున్నారు. అమ్మకు వచ్చిన హిందీ ఎంత, అయినా సాయంత్రమైంది. మా అమ్మ ఆరోజు రెండు పూటలా అన్నం తింది.

అంతలో మా పేజీ కింద ఎవరో రాశారు, పని బాగుంది గానీ దుకాణం పేరేమిటని అడిగితే ఆవిడ చెప్పడం లేదు, నమ్మవచ్చా అని. దాని కింద ఇంకొకరు, నాకూ అలాగే జరిగింది అని. నాకు ఒళ్ళు మండింది. నాకు కోపం త్వరగా వస్తుంది, నాన్న పోలిక. నేరుగా అమ్మ దగ్గరికి పోయి కూర్చున్నాను.

"అమ్మా, ఒక్కసారి అను. నా ముందు అను. ఇంకెవరూ లేరు."

అమ్మ సూది ఆపింది.

"పోయినవాళ్ళకు ఆయుష్షు తగ్గడం ఏమిటి, ఇంకా? మూడక్షరాలు. అను."

అమ్మ బొంత పక్కకు పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు, ఖాళీ గిన్నె తీసి కడగడం మొదలుపెట్టింది. నేను గుమ్మం దాకా వెళ్ళి ఇంకా ఏదో అంటూనే ఉన్నాను. గోడకు అవతల పెద్దమ్మ విని, గుమ్మంలోకి వచ్చి నా రెక్క పట్టుకుని వాళ్ళింట్లోకి లాక్కుపోయింది. పెద్దమ్మంటే సొంత పెద్దమ్మ కాదు, పక్కింటావిడ, శ్రీకాకుళం వాళ్ళు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది ఆ ఒక్క సంగతీ అన్నాళ్ళూ దాచి పెట్టింది.

"నీకు బుద్దున్నాదేటే?" అంది. "ఆ రోజు మీ అమ్మ కూడా ఆసుపత్రికెల్లింది నువ్వా, నానా?"

ఆ పొద్దున నేను దుర్గ్‌లో ఉన్నాను. తమ్ముడు రాయ్‌పూర్‌లో. నాన్న టీ తాగుతూ గుండె పట్టుకుని ఒరిగిపోతే అమ్మా పెద్దమ్మా ఆటోలో తీసుకెళ్ళారు. కంగారులో కార్డులేవీ తీసుకెళ్ళలేదు. స్ట్రెచర్ మీద నాన్న, కిటికీ అవతల చీటీ రాసే మనిషి, పేషెంటు పేరేమిటని అతను అడిగాడు. పెద్దమ్మకు నాన్న పేరు తెలియదు, ఆవిడకు ఆయన ఎప్పుడూ "మరిది బాబు". అమ్మకు తెలుసు. అమ్మ నోరు తెరిచింది, మాట రాలేదు. అతను రెండోసారి అడిగాడు. వెనకున్నవాళ్ళు అరిచారు.

"అప్పుడన్నాదమ్మా," అంది పెద్దమ్మ. "సీర కొంగు నోటికడ్డం ఎట్టుకుని అన్నాది. ఆ చీటీ రాసీలోగానే లోపల్నించి వొచ్చి అయిపోనాదని సెప్పినారు. నానే సంపీసినాను అక్కా, నా నోటితోటి నానే సంపీసినానని ఆ బెంచీ మీద తల కొట్టుకున్నాది. పిల్లలకి సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నాది."

మా వైపు కొత్త కోడలు అత్తారింటికి వచ్చినప్పుడు ఆడపడుచులు గుమ్మంలో అడ్డం నిలబడతారు, మొగుడి పేరు చెబితే గానీ లోపలికి రానివ్వరు. అమ్మ కోడలిగా వచ్చిన రోజు గుమ్మంలో సిగ్గుపడుతూ అంది. మళ్ళీ ఆసుపత్రి కిటికీ దగ్గర అంది. నాకు తెలిసి ఆ పేరు అమ్మ నోటి వెంట వచ్చింది ఆ రెండుసార్లే. ఆటో ఎక్కేటప్పటికే నాన్నలో ప్రాణం లేదని డాక్టరు తరవాత తమ్ముడితో చెప్పాడు. ఆ మాట మేం అమ్మకు చెప్పాం కూడా. ఆమె తలూపింది. తలూపడం వేరు, నమ్మడం వేరు అని నాకు పెద్దమ్మ ఇంట్లో నిలబడినప్పుడు తెలిసింది. నాకు ఏడుపు ఆగలేదు. నెలల తరబడి అమ్మ చేతికి ఆ ఫోనిచ్చి, రోజూ అదే కిటికీ ముందు నిలబెడుతున్నానన్నమాట.

ఆ వారంలోనే పేరు మార్చేశాను. అమ్మను అడగలేదు, అడిగి ఇంకా బాధ పెట్టడమెందుకని. 'క్యాంప్ కథరీ' అని పెట్టాను. ఎవరికీ నొప్పి లేని పేరు. పాత స్టిక్కర్లన్నీ తీసి పెట్టెలో పడేసి కొత్తవి వేయించాను. అమ్మకు చెబితే "సర్లే" అంది.

"ఇప్పుడు నీకు ఇబ్బంది లేదు కదా? ఫోన్లో హాయిగా అనొచ్చు."

"అంటాన్లే."

అంది కూడా. "హాఁ, క్యాంప్ కథరీ," అని చక్కగా అప్పజెప్పేది. కొరియర్ అతనికీ చెప్పేది. పేజీ కింద ఫిర్యాదులు ఆగాయి. కానీ మెల్లగా అమ్మ ఫోన్ ఎత్తడం మానేసింది. వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టేసి కిటికీ దగ్గరికి వచ్చి కూర్చునేది, అది అక్కడ మోగి మోగి ఊరుకునేది. నేను దుర్గ్ నుంచి చేసినా అంతే. కుట్లు దూరం దూరంగా పడేవి. ఒక ఆదివారం లేచి చూసేసరికి మంచం మళ్ళీ గోడ పక్కకు చేరి ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు కదా, అలా అయింది నా వైద్యం. ఏ తప్పు జరిగిందో మాత్రం నాకు అంతుబట్టలేదు. కొత్త పేరు నచ్చలేదా అని అడిగితే, బాగానే ఉందిగా అంటుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నమే, నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది. తమ్ముడు పడుకుని ఉన్నాడు. ఎంతకీ ఆగకపోయేసరికి అమ్మే లేచి వెళ్ళి ఎత్తింది. ఎప్పటిలాగే స్పీకర్. దుర్గ్ టీచరమ్మ గొంతు నేను గుర్తుపట్టాను. ఆవిడకు పేజీలూ అవీ తెలియవు, పేరు మారిన సంగతి ఆవిడ దాకా పోలేదు.

"ఫలానా జీ కే యహాఁ సే?" అంది టీచరమ్మ.

అమ్మ ఫోన్‌ను దగ్గరికి తెచ్చుకుంది. వినపడలేదన్నట్టు, "క్యా బోలా? సునాయీ నహీ దియా," అంది.

టీచరమ్మ మళ్ళీ అంది, నాన్న పేరు, పక్కన జీ చేర్చి.

"జోర్ సే బోలియే," అంది అమ్మ.

పాపం ఆవిడ బడిలో పిల్లల్ని పిలిచే గొంతుతో గట్టిగా అంది. ఆ పేరు రెండు గదుల్లోనూ వినపడింది. వీధిలోకి కూడా వినపడే ఉంటుంది. నేను తడి బట్ట చేత్తో పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చాను. అమ్మ వంటింటి నేల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, రెండు చేతులతో ఫోన్ పట్టుకుని, కళ్ళు మూసుకుని. అప్పుడు "హాఁ హాఁ, బోలియే బెహెన్ జీ," అంది.

మాట్లాడడం అయ్యాక అడిగాను. "చెవి వినపడడం లేదా అమ్మా? చూపిద్దామా ఎక్కడైనా?"

"సెవులకేటే, బాగానే ఉన్నాయి."

"మరి అన్నిసార్లు అడిగావు?"

అమ్మ ఫోన్‌ను కొంగుతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"నానైతే అన్నేను," అంది. "మీరు నాన్నంటారు గానీ పేరెట్టి పిలవరు. డ్యూటీకెల్లేవోల్లు ఈదిలోంచి కేకేసీవోరు, ఆల్లు ఇప్పుడు ఈ ఈదే రారు. ఆ పేరు ఈ ఇంట్లో ఇనపడి ఎన్నాల్లయిపోనాదో నీకేటి తెల్సు? నువ్వు కొట్టెట్టినాక, ఫోన్ మోగితే సాలు, ఎవులో ఒకలు ఆ పేరనీవోరు. ఆయన్ని ఎవులో పిలస్తన్నట్టుండీది. అది కూడా తీసీసినావు."

తడి బట్ట నీళ్ళు కారి నేలంతా తడిసింది.

"ఆసుపత్రి సంగతి పెద్దమ్మ చెప్పింది," అన్నాను. "అందుకనే తీసేశాను. నీకు కష్టమని."

"కష్టమే," అంది అమ్మ. "అనకూడదు గానీ, ఇనకూడదని నాకు ఎవులూ సెప్పనేదు."

తమ్ముడు లేచి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఎప్పటి నుంచి వింటున్నాడో తెలియదు. వాడే ఫోన్ తీసి పేజీలో పేరు మార్చాడు. మారుస్తూ, "వారానికో పేరు, కొట్టా సర్కసా దీదీ ఇది," అన్నాడు. నేను పెట్టె తెరిచి పాత స్టిక్కర్లు తీశాను. ఖాకీ చొక్కాలు ఇంక ఒకటో రెండో ఉన్నాయి. అవి కూడా బొంతల్లోకి పోతాయి.

ఈ మధ్య మళ్ళీ ఎవరో రాశారు, దుకాణం పేరు అడిగితే చెప్పడం లేదని. నేను జవాబివ్వలేదు. అది అలాగే ఉంది. మంచం కిటికీ దగ్గరికి వచ్చింది, గోడవైపు పడుకోవడం పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను, కొన్ని రోజులు ఇప్పటికీ అలాగే గడుస్తాయి. ఫోన్ మోగితే అమ్మ సూదిని బొంతకు గుచ్చి, స్పీకర్ పెట్టి, హలో అని ఊరుకుంటుంది. అవతలివాళ్ళు నాన్న పేరు అనేదాకా ఇంక మాట్లాడదు. వాళ్ళు అన్నాక ఒకసారి తలెత్తి వీధి గుమ్మంవైపు చూస్తుంది. ఆ తరవాతే, "హాఁ, బోలియే," అంటుంది.